కాలనీ పక్క గ్రీన్‌బెల్ట్‌లో నడక దారి: మొదటి ఆరు నెలలు పలుగూ పారా ముట్టుకోకండి

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్ శివారులో మీ లేఅవుట్‌కీ చెరువుకీ మధ్య సుమారు పదకొండు ఎకరాల గ్రీన్‌బెల్ట్ ఉంది. సగం చెత్త, సగం కంప. కాలనీ నుంచి ఇరవై మంది ముందుకొచ్చారు. పిల్లలూ పెద్దలూ చెట్టూ పిట్టా చూసుకుంటూ నడవడానికి ఒక నేచర్ ట్రైల్ వేద్దామనుకుంటున్నారు. పేవర్ బ్లాకులు వేయాలా మొరం చాలా, అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలి, ఏ మొక్కలు నాటాలి, పాముల సంగతేంటి, ఎంత ఖర్చవుతుంది? ఐదు ప్రశ్నలూ మంచివే. కానీ వీటికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. దానికోసం నా కథ కొంచెం చెప్పాలి.

నేను ముప్పై ఏళ్ళు ఊళ్ళకు రోడ్లు వేసిన ఇంజనీర్ని. రిటైరయ్యాక 2014లో మా కాలనీ వెనక గుట్ట వాలు నుంచి కింద కుంట దాకా ఇరుగుపొరుగు వాళ్ళతో కలిసి ఒక దారి మొదలుపెట్టాను. ఇప్పుడు దాని పొడవు 1,400 మీటర్లు. ఇది మేం వేసిన మూడో దారి. మొదటి రెండూ వానకు పోయాయి.

మొదటిసారి నాకు వచ్చిన పద్ధతిలోనే వేశాను. గేటు నుంచి కుంట గట్టు దాకా తాడు కట్టి తిన్నగా గీత గీశాం. ఆరడుగుల వెడల్పు, రెండు పక్కలా కర్బ్ రాళ్ళు, మధ్యలో రాతిపొడి పోసి రోలర్ తిప్పాం. ఉగాది నాటికి చూడముచ్చటగా తయారైంది. జులైలో రెండు గట్టి వానలు పడ్డాయి. కర్బ్ రాళ్ళ మధ్య నీళ్ళు ఇరుక్కుని దారి కాస్తా కాలువైంది. రాతిపొడంతా కుంటలో చేరింది. మధ్యలో మోకాలి లోతు గండి. నేను గొడుగు పట్టుకుని ఆ గండి వంక చూస్తూ నిలబడితే, రోజూ అక్కడికి మేకలు తోలుకొచ్చే తాత దగ్గరికొచ్చి అన్నాడు: "గిట్ల సక్కగ కిందికి తీస్తే వానకు కొట్టుకపోతది సారూ. మా మేకలు గట్ల పోవు, సూడుండ్రి."

చూశాను. మేకలు వాలుకు అడ్డంగా, ఏటవాలుగా, తాపీగా దిగుతున్నాయి. బండ అడ్డమొస్తే చుట్టి పోతున్నాయి. వాటి కాళ్ళు పడి పడి ఏర్పడిన బాట అంత వానలోనూ చెక్కు చెదరలేదు. నేను సర్వీసులో ఎన్నో డ్రైనేజీ డ్రాయింగులు గీశాను గానీ, ఆ పది నిమిషాల్లో అర్థమైనంత ఎప్పుడూ అర్థం కాలేదు.

అందుకే మీరు ముందు అడగాల్సింది: వాన నీళ్ళు ఏ దారిన పోతున్నాయి? అది తెలియాలంటే మీకు చెప్పే మొదటి మాట: ఆరు నెలలు ఏమీ కట్టకండి, ఊరికే నడవండి. ఆ ఆరు నెలల్లో కొంత ఎండాకాలం, కొంత వానాకాలం పడేలా చూసుకోండి. ఇరవై మందీ వంతులేసుకుని తలా ఒక వేళకు తిరగండి. వాన పడుతున్నప్పుడు మాత్రం అందరూ వెళ్ళండి. ఎకరం నేల మీద ఒక అంగుళం వాన పడితే లక్ష లీటర్ల పైమాటే. మీ పదకొండు ఎకరాలకు పదకొండు లక్షలు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు వందలకు పైగా. అందులో సగం ఇంకిపోయిందనుకున్నా, మిగతా సగం ఏ దారిన చెరువులోకి పోతోందో కళ్ళారా చూడకుండా మీ దారి ఎటు పోవాలో గీయలేరు. ఫోన్లో తీసిన వాన వీడియోలు దాచుకోండి. మాకు అసలు మ్యాపు అదే అయింది.

ఇంకో సంగతి. మనం "ఖాళీ జాగా" అంటాం గానీ అది ఖాళీగా ఉండదు. మా దగ్గర లెక్క తీస్తే, ఈత చెట్లకు కల్లు గీసే ఆయన, మేకల తాత, కట్టెలకు వచ్చే ఇద్దరు ముసలమ్మలు, గట్టు మీద కట్టమైసమ్మకు బోనం తెచ్చే పక్క బస్తీ వాళ్ళు, బతుకమ్మ ముందు తంగేడు, గునుగు పూలు కోసుకునే ఆడవాళ్ళు. వీళ్ళందరికీ ఆ నేలతో మనకంటే పాత సంబంధం ఉంది. కాలనీలో కొందరు "కంచె వేసి గేటు పెడదాం, బయటివాళ్ళు రారు" అన్నారు. వేశాం కూడా. వారం తిరక్కుండా నాలుగు చోట్ల కోసేశారు, నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. తర్వాత అందరితో కూర్చుని మాట్లాడి, తంగేడు పొదలున్న అరెకరం అసలు ముట్టుకోకుండా వదిలేశాం, దారిని దాని పక్క నుంచి తిప్పాం. ఇప్పుడు రాత్రి పూట ఎవరైనా ఆటోలో చికెన్ వ్యర్థాలు తెచ్చి పోస్తే నాకు మొదటి ఫోన్ ఆ బస్తీ నుంచే వస్తుంది.

ఇక అనుమతి. మీరు రాసినదాన్నిబట్టి అది మూడు రకాల నేలల్లో ఏదో ఒకటి కావచ్చు, లేదా మూడూ కలిసి ఉండొచ్చు: లేఅవుట్ అనుమతి కోసం డెవలపర్ మునిసిపాలిటీకి గిఫ్ట్ డీడ్ చేసిన ఓపెన్ స్పేస్, చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు పరుచుకునే మేర), దాని చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన పట్టీ, అంటే బఫర్. ముందు అప్రూవ్డ్ లేఅవుట్ కాపీ, గ్రామ నక్షా, చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు సంపాదించి మూడూ పక్కపక్కన పెట్టుకోండి. రెవెన్యూ రికార్డు కూడా తీయండి. అవి ఉండే పోర్టల్ ఇదివరకు ధరణి, ఇప్పుడు భూభారతి. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్. అందులో శాశ్వత కట్టడం పనికిరాదు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే సర్కారు సంస్థ హైడ్రా వచ్చాక ఈ హద్దుల మీద అందరి కళ్ళూ ఉన్నాయి. మీది ఎంత మంచి పనైనా బఫర్‌లో సిమెంటు దిమ్మ కడితే అది ఆక్రమణ కిందికే వస్తుంది. మట్టి దారి, విడిరాళ్ళు, కర్ర బల్ల, వీటితో ఆగండి.

దరఖాస్తు వెల్ఫేర్ అసోసియేషన్ పేరుతో మునిసిపల్ కమిషనర్‌కు ఇవ్వండి. ఒక కాపీ ఇరిగేషన్ వాళ్ళకు, చెట్ల సంగతి ఉంటే ఒకటి అటవీశాఖకు. నేల మీద మాకు ఏ హక్కూ వద్దు, గేటూ తాళం మా చేతిలో ఉండవు, పని మాత్రం చేస్తాం అని స్పష్టంగా రాయండి. ఈ ఒక్క వాక్యం చూసి అధికారులు సగం మెత్తబడతారు. జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద తీసుకోండి. ఆఫీసర్లు బదిలీ అవుతారు, కాగితం ఉంటుంది. పెద్ద పెద్ద చోట్ల జరిగిందీ ఇలాగే. గురుగ్రామ్‌లో ఆరావళి బయోడైవర్సిటీ పార్కు ఒకప్పుడు గనులు తవ్వి వదిలేసిన నేల. 2010 నుంచి అక్కడి పౌరులు మునిసిపల్ కార్పొరేషన్‌తో కలిసి స్థానిక అడవి చెట్లను మళ్ళీ పెంచుకొచ్చారు. 2022లో దానికి దేశంలోనే మొదటి ఓఈసీఎం ప్రాంతంగా గుర్తింపు వచ్చింది. అంటే అభయారణ్యం కాకపోయినా జీవవైవిధ్యాన్ని కాపాడుతున్న చోటు అని. బెంగళూరు కైకొండ్రహళ్ళి చెరువు దగ్గరా స్థానికులూ కార్పొరేషనూ కలిసే పని చేశారు. నేల సర్కారుది, చూసుకునే చేతులు మనవి. ఈ ఏర్పాటు దాటి పోకండి.

దరఖాస్తులో మా వాళ్ళు రాయడం మరిచిపోయిన మాట ఒకటుంది: "జేసీబీ వద్దు." మా పని చూసి ముచ్చటపడి ఒక ఆఫీసు వాళ్ళు సాయంగా శుభ్రం చేయిస్తామన్నారు. సరేనన్నాం. నేను పెళ్ళికి ఊరెళ్ళి వచ్చేలోపు జేసీబీ వచ్చి రెండు గంటల్లో నాలుగు ఎకరాలు చదును చేసి పోయింది. తంగేడు, రేగు, పరికి, బలుసు, ఉడుముల బొరియలు, అన్నీ ఒకే కుప్ప. మరుసటి వానకు ఆ ఎర్రమట్టి మీద మొలిచింది మొత్తం వయ్యారిభామే. నేల పొర కదిలితే ముందు వచ్చేది కలుపే. ఆ నాలుగు ఎకరాలు కోలుకోవడానికి ఆరేళ్ళు పట్టింది. ఎవరినీ తిట్టలేం, వాళ్ళు మంచి మనసుతోనే చేశారు.

ఇప్పుడు దారి గీయడం. ఇక్కడ కొంచెం లెక్క ఉంది, కానీ పదో తరగతి చదివినవాళ్ళకు సరిపోయేదే.

పది అడుగుల తిన్నని కర్ర ఒకటి, మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబ్ లెవల్ ఒకటి ఉంటే చాలు. పది అడుగుల దూరానికి నేల ఒక అడుగు దిగితే అది పది శాతం వాలు. నడక దారి సగటున అంతకు మించి దిగకూడదు. ఇంకో నియమం దీనికంటే ముఖ్యం: నేల ఎంత వాలుగా ఉందో, దారి వాలు అందులో సగం దాటకూడదు. నేల పదడుగులకు అడుగున్నర దిగుతుంటే దారి ముప్పావు అడుగుకు మించి దిగొద్దు. దాటితే నీళ్ళు దారిని అడ్డంగా దాటి పోవు, దారినే పట్టుకుని పారతాయి. నా మొదటి దారికి జరిగింది అదే. మేకల తాత చెప్పింది కూడా అదే, శాతాలు లేకుండా.

దారి అడ్డకోత మీద కూడా ఓ కన్నేయండి. మూడడుగుల వెడల్పు దారిలో కింది వైపు అంచు పై అంచు కంటే రెండంగుళాలు తక్కువ ఉండాలి. అప్పుడు పైనుంచి వచ్చిన నీరు పలచని పొరలా దారి దాటి కిందికి జారిపోతుంది. ప్రతి పదిహేను ఇరవై మీటర్లకు దారిని ఒక జానెడు పైకి లేపి మళ్ళీ దించండి. పొరపాటున దారిలో పడ్డ నీళ్ళు ఆ పల్లంలో బయటికి వెళ్ళిపోతాయి. నడిచేవాళ్ళకు ఆ ఎత్తుపల్లం తెలియను కూడా తెలియదు. చాలామంది అంచున గట్టు కడతారు, కర్బ్ పెడతారు, అందంగా ఉంటుందని. అదే దారిని చంపుతుంది. తవ్విన మట్టిని కింది అంచు మీద పోయకండి, దూరంగా చల్లేయండి.

చెరువు పక్కన బల్లపరుపు నేలలో పని సులువనుకుంటారు. నిజానికి అక్కడే కష్టం. వాలు లేకపోతే నీళ్ళు పోవు, నల్లరేగడి అయితే వానాకాలమంతా బురద. అలాంటి చోట కింద రాళ్ళు పరిచి పైన మొరం వేసి దారిని జానెడు ఎత్తు లేపాలి, లేదా వీలైతే దారినే కొంచెం పైకి, చెలక నేలలోకి జరపాలి. మేం జరిపాం. చెరువు అంచుకు రెండు చోట్ల మాత్రమే దిగుతాం. దానివల్ల నీటి పిట్టలకూ మన అలికిడి తప్పింది.

గీత గీయడానికి ముగ్గుపిండి వాడండి. జెండాలు, రిబ్బన్లు పిల్లలు పీకేస్తారు, పైగా ప్లాస్టిక్ చెత్త. మా కాలనీ ఆడవాళ్ళు ముగ్గుపిండితో దారంతా చుక్కలు పెట్టుకుంటూ వెళ్ళారు, వెనక మేమంతా నడిచాం. నడుస్తుంటే తెలుస్తుంది, ఇక్కడ మలుపు ఎక్కువైంది, ఇక్కడ ఆ పెద్ద బండ కనపడకుండా పోతోంది అని. చెరిపి మళ్ళీ పెట్టాం. అలా నాలుగు సార్లు. గడ్డపార దించాక మార్చడం కష్టం, ముగ్గు మార్చడానికి ఏముంది. బండల మాట వచ్చింది కాబట్టి: మన దగ్గర గ్రానైట్ గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. దారికి అడ్డమని ఒక్క బండను కూడా పగలగొట్టకండి, రంగులు పూయకండి. హైదరాబాద్‌లో 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు ఈ బండల కోసమే పోరాడుతున్నారు. ఒకసారి వాళ్ళ నడకల్లో పాల్గొంటే బండను చూసే చూపు మారుతుంది.

ముగ్గు చుక్కలు పెట్టే రోజుల్లోనే మాకు తీతువు పిట్ట గూడు కనపడింది. గూడంటే ఏమీ లేదు, గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు, అవీ రాళ్ళలాగే ఉంటాయి. మేం దగ్గరికి పోయేసరికి తల్లి నెత్తి మీద గిరగిరా తిరుగుతూ ఒకటే గోల. దారి సరిగ్గా ఆ గూటి మీదుగా పోతోంది. ఎండాకాలంలో నడక మొదలుపెట్టమన్నది ఇందుకూ కూడా. ఎండలు మొదలైనప్పటి నుంచి వానల దాకా తీతువు ఇలా నేల మీదే గుడ్లు పెడుతుంది. ఆ చోటు నుంచి దారిని ముప్పై అడుగులు పక్కకు తీశాం. ఇప్పటికీ ఏటా ఆ చుట్టుపక్కలే పెడుతోంది. దాన్ని చూడ్డానికి వచ్చే పిల్లలకు అక్కడ ఒక గీత ఉంది, దాటొద్దని.

పేవర్ బ్లాకులా మొరమా అన్నారు. చాలా చోట్ల రెండూ వద్దు. వాలు సరిగ్గా ఉంటే ఉన్న మట్టే చాలు, నడిచేకొద్దీ గట్టిపడుతుంది. మెత్తగా, బురదగా ఉండే చోట మాత్రం మొరం వేయండి. బాగా వాలు ఉన్న చోట రాతి మెట్లు, సిమెంటు లేకుండా, ఒక రాయి మీద ఇంకో రాయి మూడో వంతు ఎక్కి కూర్చునేలా. ఈ పని వాలంటీర్లతో చేయించకండి. రాయి పని తెలిసిన వడ్డెర మేస్త్రీని పెట్టి కూలి ఇవ్వండి. మా మేస్త్రీ రెండు రోజుల్లో పెట్టిన పదకొండు మెట్లు ఇప్పటికీ కదల్లేదు. అంతకుముందు మేం నాలుగు ఆదివారాలు కష్టపడి పెట్టిన ఆరు మెట్లు ఎవరి కాలి కింద జారతాయోనని టెన్షన్ పడి మేమే పీకేశాం. మొదటి రెండు మూడు వందల మీటర్లు మాత్రం గేటు దగ్గర చదునుగా, ఐదడుగుల వెడల్పుతో, గట్టి మొరం దట్టించి చేయండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, చక్రాల కుర్చీ వాళ్ళు అక్కడిదాకా వచ్చి కూర్చోవాలి. ఆ తర్వాత దారి మూడడుగులకు సన్నబడొచ్చు.

మొక్కల సంగతికొస్తే, మీరు "ఏవి నాటాలి" అన్నారు, నేను "ఏవి తీయాలి" అంటాను. మీరు కంప అన్నది సర్కారు తుమ్మ అయి ఉంటుంది, దాంతోపాటు లంటానా, సుబాబుల్, వయ్యారిభామ ఉండే ఉంటాయి. లంటానాను కొడవలితో పైపైన కొడితే పది కొమ్మలై లేస్తుంది. దాన్ని తీసే పద్ధతి ఒకటుంది, ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆచార్యుడు సి.ఆర్. బాబు బృందం ప్రచారంలోకి తెచ్చింది. మట్టి కొంచెం తవ్వి, నేలకు రెండంగుళాల కింద ప్రధాన వేరును కోసి, పొదను మొత్తంగా లేపి, వేరు పైకి వచ్చేలా తలకిందులుగా పడేయాలి. కాపు పండకముందే చేయాలి. అయినా పని అయిపోదు. లంటానా పండ్లు పికిలిపిట్టలు తిని ఏ కొమ్మ మీద కూర్చుంటాయో ఆ కొమ్మ కిందే రెట్టలతోపాటు విత్తులు రాలతాయి. వానలకు అక్కడే మొలకలు వస్తాయి. కనీసం మూడు వానాకాలాలు చెట్ల మొదళ్ళ చుట్టూ తిరిగి మొలకలు పీకాలి. పిల్లలకు భలే ఇష్టమైన పని ఇది. సుబాబుల్ మొలకలు కూడా తడినేలలో చేత్తో పీకితే వస్తాయి. ఒక ఏడాది ఆలస్యమైతే రంపం కావాలి. వయ్యారిభామ పూతకు రాకముందే, చేతికి గ్లౌజులు వేసుకుని పీకండి, అది పడనివాళ్ళకు ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి.

ఒక్క హెచ్చరిక. అంతా ఒకేసారి తీసేయకండి. ముంగిసలకూ, పూరేళ్ళకూ, ముళ్ళపొదల్లో గూడు కట్టే చిన్న పిట్టలకూ ఇప్పుడున్న చాటు ఆ కంపే. ఏటా అయిదో వంతు తీసి, అక్కడ మన పొదలు లేచాక పక్క ముక్కకు వెళ్ళండి. చెట్టయిన దేన్నైనా కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం అనుమతి అడగాలి, అది తుమ్మయినా సరే ముందు అడగడమే మంచిది.

నాటడం దీని తర్వాత. చాలావరకు నాటాల్సిన పని ఉండదు. కంప తీసి మేకలు కొన్నాళ్ళు రాకుండా చూస్తే నేలలో ఉన్న వేర్లు, విత్తులే లేస్తాయి. మా దగ్గర మోదుగ, రేల, వేప, నెమలినార, సీతాఫలం అలా వచ్చినవే. (సీతాఫలం కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందేనంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.) ఖాళీగా మిగిలిన చోట్ల వాగు పక్కన ఏరుమద్ది, మేడి, బండల దగ్గర జువ్వి, ఎండ నేలలో జమ్మి, వాక్కాయ, రేగు, బలుసు పెట్టండి. వంద మొక్కలు నాటారంటే, మొక్కకు పది లీటర్ల చొప్పున వారానికి రెండుసార్లు, అంటే వారానికి రెండు వేల లీటర్లు, రెండు ఎండాకాలాలు పోయాలి. ఆ నీళ్ళు ఎవరు పోస్తారో పేరు రాశాకే గుంత తవ్వండి. త్వరగా పచ్చగా కనపడుతుందని కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు పెట్టిస్తామని ఎవరైనా వస్తే మర్యాదగా చాయ్ ఇచ్చి పంపండి. తెలంగాణలో 2022లోనే దాన్ని నాటొద్దన్నారు.

పాములు ఉంటాయి. ఉండాలి కూడా, లేకపోతే ఎలుకలు మీ ఇళ్ళలోకి వస్తాయి. ఎక్కువగా కనపడేది జెర్రిపోతు, దానికి విషం లేదు. జాగ్రత్త పడాల్సినవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. దారికి రెండు పక్కలా రెండడుగులు గడ్డి పొట్టిగా ఉంచండి, కాలు ఎక్కడ పెడుతున్నామో కనపడాలి. చీకటి పడ్డాక ఎవరూ లోపల ఉండకూడదు. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకూడదు. పాము కనపడితే పట్టడం, కొట్టడం రెండూ మన పని కాదు, హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళున్నారు. కాటు పడితే కట్టు కట్టొద్దు, కోయొద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, యాంటీవెనం ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళాలి. మీకు దగ్గర్లో అది ఏ ఆసుపత్రిలో ఉంటుందో పని మొదలుపెట్టకముందే వెళ్ళి కనుక్కుని గేటు దగ్గర రాసి పెట్టండి. నిజం చెప్పాలంటే ఈ పదకొండేళ్ళలో మాకు పాముతో ఒక్క ప్రమాదం జరగలేదు. తేనెటీగలతో రెండుసార్లు జరిగింది. బండ కింద పెద్ద తేనెపట్టు ఉంటే దారిని దానికి దూరంగా తీయండి. దాని దగ్గర పొగ, రాయి విసరడం, ఘాటైన సెంటు, ఏదీ పనికిరాదు.

పాములకంటే, తేనెటీగలకంటే నాకు భయం మార్చి నెల. ఎండిన గడ్డి, ఆరకుండా పడేసిన బీడీ ముక్క, ఎవరో తగలబెట్టిన చెత్త. ఫిబ్రవరి ఆఖరుకల్లా రోడ్డు వైపు పది అడుగుల వెడల్పున గడ్డి కోసి పట్టీలా ఖాళీ చేయండి. ఆ తర్వాత రెండు నెలలు సాయంత్రం ఒక మనిషి తిరగాలి. మేస్త్రీ కాకుండా మేం కూలికి పెట్టిన ఏకైక మనిషి అలా తిరిగే ఆయనే.

మనుషుల గురించి. మీ ఇరవై మంది ఆర్నెల్లకు ఏడుగురవుతారు, కంగారు పడకండి. మా వాట్సాప్ గ్రూపులో నూట నలభై మంది, ఆదివారం వచ్చేది తొమ్మిది మంది. గుడ్ మార్నింగ్ పెట్టేవాళ్ళే ఎక్కువ. నెలలో రెండో ఆదివారం, పొద్దున ఆరు నుంచి ఎనిమిది, వానొచ్చినా క్రికెట్ మ్యాచ్ ఉన్నా మారదు. ఎనిమిదికి ఉప్మా, చాయ్. ఈ ఉప్మా లేకపోతే ఈ దారి లేదు, నవ్వులాటకు అనడం లేదు. పది మంది రెండు గంటల్లో మంచి నేలలో ముప్పై మీటర్లు తీయగలరు, రాళ్ళ నేలలో పదే. పనిముట్లు ఒకరి దగ్గరే ఉండాలి, ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ లెక్కపెట్టాలి. కాళ్ళకు బూట్లు లేనివాళ్ళకు గడ్డపార ఇవ్వొద్దు. గడ్డి కోసే మెషిన్ అలవాటున్న మనిషికే ఇవ్వండి, మనవాళ్ళు ఉత్సాహంతో తీసుకుంటారు, రాయి ఎగిరి కంట్లో పడుతుంది. టెటనస్ ఇంజెక్షన్ అందరూ ముందే వేయించుకోండి.

ఖర్చు: పోయిన మొదటి దారికి మాకు లక్షా ఎనభై వేలైంది. ఇప్పుడున్న దానికి మూడేళ్ళ మీద అరవై వేల లోపు. అందులో పెద్ద భాగం మేస్త్రీ కూలి, పనిముట్లు, ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్లు. చందాలు ఎక్కువ వస్తే ప్రమాదం, ఏదో ఒకటి కట్టాలనిపిస్తుంది. మాకొకసారి అలాగే డబ్బు మిగిలి ఎల్ఈడీ లైట్లు, ఓపెన్ జిమ్, "ఐ లవ్" అని ఎర్రక్షరాల సెల్ఫీ పాయింట్ పెడదామని జనరల్ బాడీలో గంటన్నర గొడవ జరిగింది. లైట్లు పెడితే రాత్రి తిరిగే జీవాలు పోతాయని, పైగా తాగేవాళ్ళకు వెలుతురు దొరుకుతుందని చెప్పాను. మొదటి కారణానికి ఎవరూ చలించలేదు గానీ రెండోది విని అందరూ చేతులెత్తారు.

బోర్డులు తక్కువ పెట్టండి, చెట్లకు మేకులు కొట్టకండి. పేర్లు తెలుగులో ముందు, అదీ ఆ ఊరి పేరు. మా దగ్గర కట్టెలకొచ్చే ముసలమ్మల్లో ఒకామెను కూర్చోబెట్టి అడిగితే నలభైకి పైగా మొక్కలకు పేర్లు చెప్పింది. కొన్ని ఏ పుస్తకంలోనూ లేవు. పిల్లలు పక్కన ఈబర్డ్, ఐనాచురలిస్ట్ యాప్‌లు పెట్టుకుని ఫోటోలు తీసి సరిచూశారు. ఆ జాబితా చిన్నదని పక్కన పడేయకండి. జీవవైవిధ్య చట్టం కింద మునిసిపాలిటీకి ఒక కమిటీ, ఒక రిజిస్టరు ఉండాలి. మీ జాబితా అందులోకి ఎక్కితే రేపు ఎవరైనా "ఇదంతా పిచ్చికంపే కదా, ప్లాట్లు చేద్దాం" అన్నప్పుడు చూపడానికి సర్కారు కాగితం ఒకటి ఉంటుంది.

మీరు ఒక విషయం రాయలేదు. మీ చెరువుకు అలుగు ఏ వైపు ఉంది, నిండినప్పుడు నీళ్ళు గ్రీన్‌బెల్ట్ లోంచి పోతాయా, అవతల నుంచి పోతాయా? కట్ట మీద నిలబడి రెండు ఫోటోలు తీసి పెట్టండి. గేటు ఏ మూల ఉంటే బాగుంటుందో అది చూశాక చెబుతాను.